మిర్చి తాలు శాతం లెక్కకు ఎఫ్‌పీజీఏ బోర్డు: గుంటూరు ప్రాజెక్టు డైరీ

పని ఇది. మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) నుంచి తీసిన మచ్చు కాయల్ని నీలం పట్టా మీద పలచగా పరుస్తాం. పైనుంచి కెమెరా చూస్తుంది. రంగు పోయి తెల్లబారిన తాలు కాయలు అందులో ఎంత శాతమో బోర్డు చెప్పాలి.

బోర్డు పేరు పింక్ జెడ్2. దాని మీద జింక్ 7020 చిప్ ఉంటుంది. అందులో ఒక పక్క 650 మెగాహెర్ట్జ్‌తో నడిచే రెండు ఆర్మ్ కార్టెక్స్ ఏ9 కోర్లు, మరో పక్క మనకు కావాల్సినట్టు అమర్చుకునే లాజిక్ (ఎఫ్‌పీజీఏ అంటే ఇదే). లాజిక్ వైపు 53,200 ఎల్‌యూటీలు (చిన్న లాజిక్ ముక్కలు), 1,06,400 ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక్కో బిట్ దాచేవి), 140 బ్లాక్ ర్యామ్‌లు (చిప్ లోపలి మెమరీ ముక్కలు), 220 డీఎస్‌పీలు (గుణకారాలు చేసేవి). చిప్ బయట 512 ఎంబీ డీడీఆర్3 మెమరీ.

ధరలు రాయట్లేదు, బోర్డు ధర డాలరుతో పాటు మారుతుంది కాబట్టి. దానికి బదులు ముఖ్యమైన దశల చివర 'ఇప్పటి లెక్క' అని ఒక ఫ్రేముకు పట్టిన సమయం ఇస్తున్నాను. ఫ్రేమ్ అంటే అన్నిచోట్లా 1920 × 1080, అంటే 20,73,600 పిక్సెళ్లు.

దశ 1: కార్డు, కరెంటు, మొదటి బూట్

మొదట పెట్టిన మైక్రో ఎస్‌డీ కార్డులో ఇమేజ్ రాయడం పూర్తయినట్టే చూపించింది. బూట్ మాత్రం సగంలో ఆగిపోయేది. లైనక్స్‌లో ఎఫ్3 అనే పరీక్ష ప్రోగ్రాం నడిపితే, పైన 32 జీబీ అని అచ్చేసిన కార్డులో నిజంగా ఉన్నది 8 జీబీ లోపే అని తేలింది. కార్డు ఎక్కడ కొన్నా ముందు ఈ పరీక్ష చేయండి. బోర్డును అనుమానించి జంపర్లు మార్చుకుంటూ కూర్చునే బాధ తప్పుతుంది.

1. 16 జీబీ, క్లాస్ 10 కార్డు మీద పింక్ 3.0.1 (బోర్డును పైథాన్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) ఇమేజ్ రాయండి.
2. బూట్ జంపర్‌ను ఎస్‌డీ వైపు పెట్టండి.
3. ఈథర్నెట్ తీగను నేరుగా ల్యాప్‌టాప్‌కు కలిపి, ల్యాప్‌టాప్‌కు 192.168.2.1 ఇవ్వండి. బోర్డు 192.168.2.99 దగ్గర దొరుకుతుంది.
4. సీరియల్ పోర్టు 1,15,200 బాడ్. లైనక్స్‌లో రెండు పోర్టులు కనిపిస్తాయి, మనకు కావాల్సింది రెండోది. మొదటిది జేట్యాగ్ (చిప్‌ను ప్రోగ్రాం చేసే దారి).
5. ఎర్ర లైటు వెంటనే వస్తుంది, కొన్ని సెకన్లకు 'డన్' లైటు. నిమిషం అటూ ఇటుగా రెండు నీలం ఎల్‌ఈడీలు, నాలుగు చిన్న ఎల్‌ఈడీలు కలిసి మెరుస్తాయి. నీలం ఆరిపోయి నాలుగూ వెలుగుతూ ఉంటే బూట్ అయినట్టే.

ఆ తర్వాత తగిలింది కరెంటు సమస్య. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే బోర్డు నడుస్తుంది, బూట్ కూడా అవుతుంది. కెమెరా కూడా తగిలించి బిట్‌స్ట్రీమ్ (లాజిక్ అమరిక ఉన్న ఫైలు) లోడ్ చేస్తే మాత్రం ఉన్నట్టుండి రీసెట్. మీటర్‌తో కొలిస్తే ల్యాప్‌టాప్ దగ్గర 4.98 వోల్టులు, బోర్డు దగ్గర 4.57. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, పైగా ఆ కేబుల్ లోపలి తీగలు వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి.

పరిష్కారం కోసం విజయవాడ దాకా పోనక్కర్లేదు. సీసీ కెమెరాల సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా 12 వోల్టుల 2 ఆంపియర్ల అడాప్టర్ దొరుకుతుంది. బోర్డు 7 నుంచి 15 వోల్టుల దాకా తీసుకుంటుంది. పిన్ 2.1 మిల్లీమీటర్లు, మధ్యలో ప్లస్. పవర్ జంపర్‌ను యూఎస్‌బీ నుంచి 'రెగ్' వైపు మార్చాలి. ఇది మార్చాక రీసెట్లు మళ్లీ రాలేదు.

దశ 2: ఆర్మ్ ఒక్కటే చేస్తే ఎంత

లాజిక్ జోలికి వెళ్లేముందు ఇది కొలవాలి. చాలామంది పైథాన్ ఫర్ లూప్‌తో పిక్సెల్ పిక్సెల్ తిప్పి, ఆ సమయంతో పోల్చి 'వెయ్యి రెట్లు వేగం' అని రాస్తారు. అది నాకు నచ్చదు. ఆర్మ్ మీద బాగా రాసిన ఓపెన్‌సీవీ (బొమ్మలను విశ్లేషించే లైబ్రరీ) కోడ్‌తో పోలిస్తేనే పోలిక.

- జేపీజీ బొమ్మ చదవడం: 142 మిల్లీసెకన్లు
- ఆర్‌జీబీ నుంచి హెచ్‌ఎస్‌వీకి (రంగు, గాఢత, వెలుతురు విడివిడిగా చూపే పద్ధతి) మార్పు: 71
- మూడు రంగుల హద్దులు చూడటం: 48
- 3 × 3 ఫిల్టర్‌తో చుక్కల రొద తీసేయడం: 55
- లెక్కపెట్టడం: 14

ఇప్పటి లెక్క: 330 మిల్లీసెకన్లు.

ఈ జాబితాలో మొదటి వరుసను గుర్తుపెట్టుకోండి. చివరిదాకా గోల పెట్టింది అదే.

దశ 3: వివాడో, డీఎంఏ

వివాడో అంటే లాజిక్‌ను డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్. పింక్ 3.0కి జత వివాడో 2022.1. ఈ చిప్‌కు ఉచిత స్టాండర్డ్ ఎడిషన్ సరిపోతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జింక్ 7000 తప్ప మిగతా చిప్ కుటుంబాల టిక్కులన్నీ తీసేయండి. అయినా సరే, వంద జీబీ ఖాళీ ఉంచుకుంటే నిశ్చింత.

కాలేజీ ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఒక మాట. అక్కడ 2021.2 గానీ అంతకంటే పాతది గానీ ఉంటే, హెచ్‌ఎల్‌ఎస్‌లో (సీ++ కోడ్‌ను లాజిక్‌గా మార్చే పరికరం) చేసిన బ్లాక్‌ను ఎగుమతి చేసే దగ్గర అర్థం కాని ఎర్రర్ వస్తుంది. కారణం తేదీ. ఆ పరికరం సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం కలిపి ఒకే సంఖ్యగా రాస్తుంది. 2022 జనవరి 1న ఆ సంఖ్య 2201తో మొదలైంది. ప్లస్, మైనస్ రెండూ పట్టే 32 బిట్ల సంఖ్యకు పై హద్దు 2,14,74,83,647. అంతే, పట్టలేదు. దీనికి ప్యాచ్ ఉంది, అది వేసుకుంటే చాలు. కంప్యూటర్ తేదీ వెనక్కి తిప్పి నడిపేవాళ్లూ ఉన్నారు, నేనైతే ఆ పని చేయమనను.

సొంత బ్లాక్ పెట్టకముందు డీఎంఏ (ఆర్మ్ మోయకుండా మెమరీకీ లాజిక్‌కూ మధ్య డేటా మోసే బ్లాక్) ఒక్కటే పెట్టి, పంపిన డేటా పంపినట్టే తిరిగొస్తుందో లేదో చూడాలి.

1. పింక్ జెడ్2 బోర్డు ఫైళ్లను వివాడో బోర్డుల ఫోల్డర్‌లో వేయండి. అవి లేకుండా మామూలు 7020గా మొదలుపెడితే డీడీఆర్ సెట్టింగులు రావు.
2. జింక్ బ్లాక్‌లో హెచ్‌పీ0 పోర్టు (లాజిక్ నుంచి మెమరీకి దారి) తెరవండి. క్లాక్ 100 మెగాహెర్ట్జ్.
3. ఏఎక్స్ఐ డీఎంఏ పెట్టి, 'స్కాటర్ గ్యాదర్' టిక్కు తీసేయండి. పింక్ లైబ్రరీకి అది పనికిరాదు.
4. డీఎంఏ బయటికి పంపే పక్క నుంచి ఒక ఫిఫో (వచ్చిన వరుసలోనే బయటికిచ్చే నిల్వ), ఫిఫో నుంచి తిరిగి డీఎంఏకు.
5. తయారైన డాట్ బిట్ ఫైలు, డాట్ హెచ్‌డబ్ల్యూహెచ్ ఫైలు రెండింటికీ ఒకే పేరు పెట్టి ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. వివాడో వాటికి వేరువేరు పేర్లు ఇస్తుంది. అలాగే వదిలేస్తే పైథాన్‌కు లోపల ఏ బ్లాకులు ఉన్నాయో తెలియదు.

ఇక్కడ రెండు ఆటంకాలు. చిన్న శ్రేణులు పంపితే అంతా బాగుంది, పూర్తి ఫ్రేమ్ పంపితే ఎర్రర్. డీఎంఏలో 'బఫర్ లెంగ్త్ రిజిస్టర్ వెడల్పు' అని ఒక సెట్టింగు ఉంటుంది. అది మామూలుగా 14 బిట్లు, అంటే ఒక్క విడతలో 16,383 బైట్లే. పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున మన ఫ్రేమ్ 82,94,400 బైట్లు. దానికి 23 బిట్లు కావాలి. నేను ఏకంగా 26 పెట్టేశాను, అందువల్ల ఖర్చయ్యేది ఏమీ లేదు.

రెండోది, ఫిఫో తీసి సొంత బ్లాక్ పెట్టాక వచ్చింది. పైథాన్ 'వెయిట్' దగ్గర కూర్చుని లేవదు. ఇలా ఆగిపోతే చూడాల్సినవి రెండే:

- బ్లాక్‌కు 'స్టార్ట్' ఇచ్చారా? కంట్రోల్ రిజిస్టర్‌లో (పైథాన్ నుంచి రాయగల చిన్న నిల్వ) సున్నా బిట్‌ను 1 చేయాలి. లేకపోతే బ్లాక్ డేటా తీసుకోదు, డీఎంఏ పంపలేదు.
- బయటికి వచ్చే స్ట్రీమ్‌లో 'టీ లాస్ట్' సంకేతం ఉందా? హెచ్‌ఎల్‌ఎస్‌లో ఉత్త 32 బిట్ల స్ట్రీమ్ అని రాస్తే ఆ తీగే పుట్టదు. ఇదే ఆఖరి ముక్క అని చెప్పేవాళ్లు లేక డీఎంఏ ఎదురుచూస్తూనే ఉంటుంది. పక్క సంకేతాలతో వచ్చే ఏఎక్స్ఐ స్ట్రీమ్ రకం వాడి, ఆఖరి పిక్సెల్ దగ్గర 'లాస్ట్'ను 1 చేయాలి.

నా దగ్గర ఆపింది టీ లాస్ట్. దాన్ని పెట్టాక పూర్తి ఫ్రేమ్ వెళ్లి రావడానికి 21.6 మిల్లీసెకన్లు పట్టింది. లెక్క ప్రకారం 32 బిట్లు, 100 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 40 కోట్ల బైట్లు, కాబట్టి 20.7 రావాలి. తేడా కొద్దిగానే ఉంది కాబట్టి ముందుకెళ్లాను.

దశ 4: మొదటి యాక్సిలరేటర్

యాక్సిలరేటర్ అంటే ఆర్మ్ చేసే పనిని లాజిక్‌లో వేగంగా చేసే సొంత బ్లాక్. ఓపెన్‌సీవీలో చేసిందే సీ++లో రాసి హెచ్‌ఎల్‌ఎస్‌కు ఇచ్చాను: హెచ్‌ఎస్‌వీ మార్పు, హద్దులు, 3 × 3 ఫిల్టర్. బయటికి తాలు ఉన్నచోట తెలుపు, లేనిచోట నలుపుగా ఒక మాస్క్ బొమ్మ వస్తుంది.

రిపోర్టులో ఇనిషియేషన్ ఇంటర్వల్ 2 అని వచ్చింది. అంటే ఒక్కో పిక్సెల్‌కు రెండు క్లాకులు. ఫిల్టర్‌కు ముందటి రెండు వరుసలు గుర్తుండాలి, వాటిని ఒకే శ్రేణిగా రాస్తే అన్నీ ఒకే బ్లాక్ ర్యామ్‌లో పడ్డాయి. బ్లాక్ ర్యామ్‌కు ఉండేవి రెండే ద్వారాలు. ఒక్కో పిక్సెల్‌కు రెండు చదవడాలు, రెండు రాయడాలు, మొత్తం నాలుగు పనులు. ఇంక రెండు క్లాకులు పట్టక ఏం చేస్తుంది?

కొలతలు ఇలా వచ్చాయి. జేపీజీ 142, మూడు బైట్ల పిక్సెళ్లను నాలుగు బైట్లుగా సర్దడం 68, డీఎంఏతో కలిపి యాక్సిలరేటర్ 42, తిరిగొచ్చిన మాస్క్‌లో లెక్కపెట్టడం 9.

ఇప్పటి లెక్క: 261 మిల్లీసెకన్లు. ఎల్‌యూటీలు 11,940, అంటే చిప్‌లో 22 శాతం.

మధ్యలో వచ్చిన ఆ 68 చూడండి. అది దశ 2లో లేదు. డీఎంఏ స్ట్రీమ్ వెడల్పు 8, 16, 32, 64 ఇలాగే ఉండాలి, 24 కుదరదు. అందుకని ప్రతి పిక్సెల్‌కూ ఒక ఉత్త బైటు తగిలించాను, ఆ తగిలించే పని ఆర్మ్ చేస్తోంది. లెక్క చేసే బ్లాక్ కంటే దానికి డేటా సర్దిపెట్టడానికే ఎక్కువ సమయం పోతోంది. కాంటా ఎంత చురుగ్గా ఉన్నా హమాలీ టిక్కీ మోసుకొచ్చేదాకా ముల్లు కదలదు కదా, ఇదీ అంతే.

వరుసల శ్రేణిని మొదటి కొలతలో పూర్తిగా విడగొట్టమని ఒక ప్రాగ్మా (హెచ్‌ఎల్‌ఎస్‌కు ఇచ్చే సూచన) రాస్తే రెండు వరుసలూ వేరువేరు ర్యామ్‌లలోకి వెళ్లాయి. ఇంటర్వల్ 1కి దిగింది, యాక్సిలరేటర్ సమయం 42 నుంచి 21కి.

ఇప్పటి లెక్క: 240 మిల్లీసెకన్లు.

దశ 5: బొమ్మ వెనక్కి ఎందుకు?

మాకు కావాల్సింది ఒక శాతం. దానికోసం మొత్తం మాస్క్‌ను మెమరీలోకి తెప్పించి ఆర్మ్‌తో లెక్కపెట్టించడం దండగ. లోపలే కౌంటర్లు పెట్టి, వాటిని రిజిస్టర్ల ద్వారా చదివేలా మార్చాను. ఎర్ర కాయ, తాలు, తొడిమ లేదా నీడ, పట్టా, ఇలా ఒక్కో రకానికి ఒక్కో కౌంటర్.

డీఎంఏలో తిరుగు దారి మొత్తం తీసేశాను. టీ లాస్ట్ గొడవ కూడా దానితోనే పోయింది. బ్లాక్ ఎన్ని పిక్సెళ్లు తీసుకోవాలో దానికే తెలుసు, అయ్యాక 'డన్' బిట్ వస్తుంది.

మాస్క్ వచ్చే పాత బిట్‌స్ట్రీమ్‌ను మాత్రం పారేయకండి. కౌంటర్ తేడాగా చెబితే ఏ కాయను ఏమనుకుంటోందో కంటితో చూడటానికి అదొక్కటే దారి.

ఇప్పటి లెక్క: 231 మిల్లీసెకన్లు.

దశ 6: జేపీజీ వదిలేసి వైయూవైవీ

231లో 210 ఆర్మ్ పనే: జేపీజీ విప్పడం, బైట్లు సర్దడం. ఇంతవరకూ ఫోన్‌తో తీసిన బొమ్మలు వాడాను. ఇప్పుడు యూఎస్‌బీ కెమెరా నేరుగా తగిలించి, వైయూవైవీ పద్ధతిలో ముడి డేటా తీసుకున్నాను. అందులో పిక్సెల్‌కు రెండే బైట్లు, పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లకు వెలుతురు విడివిడిగా, రంగు మాత్రం ఉమ్మడిగా ఉంటుంది. ఒక 32 బిట్ల మాటలో (వర్డ్‌లో) సరిగ్గా రెండు పిక్సెళ్లు సరిపోతాయి. సర్దాల్సింది లేదు. ఫ్రేమ్ 41,47,200 బైట్లకు తగ్గింది.

దీనివల్ల హెచ్‌ఎస్‌వీ కూడా అక్కర్లేకపోయింది. హెచ్‌ఎస్‌వీలో భాగహారాలున్నాయి, లాజిక్‌లో భాగహారం ఎల్‌యూటీలను బాగా తింటుంది. వైయూవీలో (వై వెలుతురు, యూ నీలం వైపు రంగు, వీ ఎరుపు వైపు రంగు) ఉత్త పోలికలు చాలు. మా వెలుతురులో కుదిరిన హద్దులు ఇవి:

- యూ 140 దాటితే పట్టా. నీలం పట్టా ఎంచుకున్నది ఇందుకే, మిర్చిలో నీలం ఉండదు.
- వీ 160 దాటితే ఎర్ర కాయ.
- వీ అంతకంటే తక్కువ, వై 130 కంటే ఎక్కువ అయితే తాలు.
- మిగిలింది తొడిమ లేదా నీడ.

ఈ హద్దుల్ని కోడ్‌లో రాసెయ్యకుండా రిజిస్టర్లలో పెట్టండి. ఒక్క అంకె మార్చి మళ్లీ బిట్‌స్ట్రీమ్ కట్టాలంటే నా ల్యాప్‌టాప్ మీద టీ తాగి, పేపర్ చదివి వచ్చేంత సమయం పడుతుంది. రిజిస్టర్ అయితే పైథాన్‌లో ఒక్క వరుస.

క్లాకుకు రెండు పిక్సెళ్లు తీసుకునేలా ఫిల్టర్ కిటికీని 3 × 4కి పెంచాను. 10,36,800 మాటలు, 100 మెగాహెర్ట్జ్ మీద 10.4 మిల్లీసెకన్లు. కెమెరా బఫర్ నుంచి డీఎంఏ చూడగల మెమరీలోకి కాపీకి 13, యాక్సిలరేటర్‌కు 11.

ఇప్పటి లెక్క: 24 మిల్లీసెకన్లు. ఎల్‌యూటీలు 6,310, అంటే 12 శాతం. డీఎస్‌పీలు సున్నా.

330 ఎక్కడ, 24 ఎక్కడ అని సంబరపడేముందు ఒక లెక్క. జేపీజీ మానేస్తే ఆర్మ్‌కూ ఆ 142 తగ్గుతుంది, 188 అవుతుంది. కాబట్టి న్యాయమైన పోలిక 188కి 24, దాదాపు ఎనిమిది రెట్లు. ఇంకో సంగతి, నా కెమెరా ఈ సైజులో ముడి డేటా సెకనుకు 5 ఫ్రేములే ఇస్తుంది. యూఎస్‌బీ 2.0 దారి అంతకంటే పెద్దగా మోయలేదు. అంటే ఫ్రేముకు 200 మిల్లీసెకన్ల గడువు, 188తో ఆర్మ్ కూడా గట్టెక్కుతుంది! తేడా ఏమిటంటే అప్పుడు ఆ కోర్ పూర్తిగా దీనికే అంకితం. లాజిక్ వాడితే కోర్ ఖాళీగా ఉండి తూకం చదవడం, ఫోన్‌లో కనిపించే పేజీ నడపడం లాంటివి చూసుకుంటుంది. ఒకే కెమెరా, నెమ్మదిగా మారే మచ్చు, ఇంతే మీ పని అయితే ఎఫ్‌పీజీఏ కొనొద్దు. సాధారణ చిన్న ఆర్మ్ బోర్డు సరిపోతుంది.

దశ 7: కొట్లో పెట్టాక

మా బాబాయికి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. అక్కడ బల్ల మీద పట్టా వేసి, పైన కెమెరా కట్టాను. ఒకే మచ్చును కదపకుండా రెండుసార్లు చూస్తే ఒకసారి 9, ఇంకోసారి 17 శాతం వచ్చింది.

"ఏరా అబ్బాయ్, ఇందాక తొమ్మిదన్నది, ఇప్పుడు పదిహేడంటంది. కాయలేమన్నా రంగులు మారుస్తన్నయ్యా?" అన్నాడు బాబాయి.

"కాయలు కాదు బాబాయ్, కెమెరా మారుస్తంది" అన్నాను. నిజంగా అదే. ఆటో వైట్ బ్యాలెన్స్ నడుస్తోంది. ఫ్రేమ్ నిండా ఎరుపు కనిపించగానే కెమెరా దాన్ని దీపం రంగు అనుకుని తగ్గించేస్తుంది. ఎర్ర కాయల వీ 160 కిందికి జారి తాలు ఖాతాలో పడుతోంది. కెమెరాను ఇలా బిగించాలి:

1. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపి, రంగు ఉష్ణోగ్రతకు ఒక అంకె ఖాయం చేయండి.
2. ఆటో ఎక్స్‌పోజర్ ఆపండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు, చవక ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఎక్స్‌పోజర్‌ను 10 లేదా 20 మిల్లీసెకన్లు పెడితే ఫ్రేమ్‌లో చారలు రావు.
3. పవర్ లైన్ సెట్టింగ్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చండి. నా కెమెరాలో 60 ఉంది.
4. బోర్డు రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఇవన్నీ పోతాయి. ప్రోగ్రాం మొదట్లోనే పెట్టించండి.

ఇది అయ్యాక తేడా అర శాతం లోపుకు వచ్చింది. అయినా తేజ రకం కాయల దగ్గర మాత్రం ఎప్పుడూ ఎక్కువ చెబుతోంది. పాత బిట్‌స్ట్రీమ్‌తో మాస్క్ తెప్పించి చూస్తే సంగతి తెలిసింది. కాయ మీద దీపం మెరుపు సన్నటి తెల్ల గీతలా పడుతోంది, ఆ గీతను తాలు అనుకుంటోంది. రెండు మార్పులు చేశాను. దీపానికీ కాయలకూ మధ్య బటర్ పేపర్ బిగించాను. వై 235 దాటిన పిక్సెల్‌ను ఎందులోనూ కలపకుండా వదిలేశాను. ఇందులో కాగితమే ఎక్కువ పనిచేసింది. రెండో మార్పుతో తగ్గింది కొద్దిగానే.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. యార్డులో తాలు శాతం అంటే తూకంలో శాతం. కెమెరా చూసేది విస్తీర్ణం. తాలు కాయ తేలిక, చూడ్డానికి మాత్రం చోటు అంతే పడుతుంది. గుమాస్తా అన్న అరకిలో మచ్చుల్లోంచి తాలును చేత్తో ఏరి తూచి ఇచ్చాడు.

- కెమెరా 7.8 శాతం, తూకం 5.2
- కెమెరా 14.2, తూకం 9.1
- కెమెరా 21.5, తూకం 14.6

నిష్పత్తి 0.64 నుంచి 0.68 మధ్య ఉంది, ప్రస్తుతానికి 0.66తో గుణిస్తున్నాను. ఇది స్థిరంగా ఉండదు. తేమ ఎక్కువున్న సరుకులో ఎర్ర కాయ బరువెక్కుతుంది, నిష్పత్తి ఇంకా దిగుతుంది. మూడు మచ్చులు చాలవు కూడా. అందుకని తెర మీద కెమెరా అంకె, సవరించిన అంకె రెండూ చూపిస్తున్నాను. బాబాయి మాత్రం రెండూ చూసి, ఆపైన చేతిలోకి నాలుగు కాయలు తీసుకుని చూసిగానీ ధర చెప్పడు.

దశ 8: వేడి, దుమ్ము, కరెంటు కోత

ఈ చిప్ సాధారణ వాణిజ్య రకం, లోపలి ఉష్ణోగ్రత 85 డిగ్రీలు దాటకూడదు. కొలిచే సెన్సార్ చిప్‌లోనే ఉంది. దాన్ని చదివే ఎక్స్ఏడీసీ అనే భాగం ఇచ్చే ముడి అంకెను 503.975తో గుణించి, 4096తో భాగించి, 273.15 తీసేస్తే డిగ్రీలు వస్తాయి.

కొట్లో మధ్యాహ్నం గాలి 38 డిగ్రీలు ఉన్నప్పుడు:

- బోర్డు బయట, హీట్‌సింక్ లేకుండా: 64
- మూత పెట్టిన ప్లాస్టిక్ పెట్టెలో: 78, ఇంకా ఎక్కుతూనే ఉంది
- ప్లాస్టిక్ పెట్టె, చిన్న ఫ్యాన్: 59

ఫ్యాన్ బాగుందనిపిస్తుంది. మిర్చి కొట్లో దాన్ని సాయంత్రం దాకా తిప్పి చూడండి. లోపలికి పీల్చిన ఎర్ర దుమ్ము బోర్డు మీద పొరలా కూర్చుంది, బయటికి ఊదిన గాలికి ఎదుటివాళ్లకు తుమ్ములు. ఫ్యాన్ తీసేసి, అల్యూమినియం పెట్టె తెచ్చి, చిప్‌కూ మూతకూ మధ్య థర్మల్ ప్యాడ్ పెట్టాను. చిప్ పైభాగం 17 మిల్లీమీటర్ల చదరం, ప్యాడ్ ఆ కొలతకే కోయండి. పక్కనున్న కెపాసిటర్లు మూతకు తగలకుండా ఎత్తు చూసుకోండి. ఈ అమరికలో 66 దగ్గర నిలబడింది. పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, అది మంచిదే.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త సందులో బోర్డు రీసెట్ అయ్యేది. కొన్నాళ్లకు కార్డులో ఫైళ్లు పాడయ్యాయి. వైఫై రౌటర్ల కోసం అమ్మే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి అడాప్టర్‌కూ బోర్డుకూ మధ్య పెట్టాను. లాగ్ ఫైళ్లను కార్డు మీద కాకుండా ర్యామ్‌లో రాసి, రోజుకు ఒకసారి మాత్రమే కార్డుకు పంపుతున్నాను.

దశ 9: బోర్డు ఆన్ చేయగానే దానంతటదే నడవడం

జూపిటర్‌లో (బ్రౌజర్‌లో పైథాన్ రాసి నడిపే చోటు) చక్కగా నడిచిన ప్రోగ్రాం సిస్టమ్‌డీ (బూట్ కాగానే ప్రోగ్రాంలను నడిపే లైనక్స్ భాగం) సర్వీస్‌గా పెట్టగానే 'డివైస్‌లు ఏవీ కనపడలేదు' అంటుంది. బోర్డుకు ఏమీ కాలేదు. జూపిటర్ మొదలయ్యేటప్పుడు పింక్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, ఎక్స్ఆర్‌టీ (లాజిక్‌తో మాట్లాడే లైబ్రరీ) సెట్టింగులు లోడ్ అవుతాయి. సర్వీస్‌కు అవి అందవు.

1. ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ రాయండి.
2. అందులో ముందు ప్రొఫైల్ ఫోల్డర్‌లోని పింక్, ఎక్స్ఆర్‌టీ స్క్రిప్టులు రెండూ పిలవండి, తర్వాతే పైథాన్‌ను.
3. సర్వీస్ రూట్ హక్కులతో నడవాలి.

మొత్తం లెక్క

- ఆర్మ్, ఓపెన్‌సీవీ, జేపీజీ: 330
- మొదటి యాక్సిలరేటర్: 261
- ఇంటర్వల్ 1: 240
- కౌంటర్లు లోపలే: 231
- వైయూవైవీ, క్లాకుకు రెండు పిక్సెళ్లు: 24

ఈ ఐదు మెట్లలో లెక్కను లాజిక్‌లోకి మార్చినందుకు నికరంగా తగ్గింది 69 మిల్లీసెకన్లు, ఆ లాజిక్‌ను వేగం చేసినందుకు 21, అదీ ఇంటర్వల్ దగ్గర. మిగతా తగ్గుదలలో ఎక్కువ భాగం డేటాను తక్కువ మోయించినందుకు వచ్చింది.

మిగిలిన పని

యూఎస్‌బీ దారి వదిలేసి, బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ద్వారా కెమెరా డేటాను నేరుగా లాజిక్‌లోకి తేవాలి. అప్పుడు 13 మిల్లీసెకన్ల కాపీ కూడా ఉండదు. సెకనుకు 60 ఫ్రేములంటే 12.44 కోట్ల పిక్సెళ్లు, ఇప్పుడున్న బ్లాక్ సెకనుకు 20 కోట్లు మింగగలదు, కాబట్టి వేగం కోసం లెక్క చేసే భాగం మార్చక్కర్లేదు. కాయలు బెల్టు మీద కదులుతూ వెళ్లే చోట ఈ వేగం అవసరమవుతుంది. హెచ్‌డీఎంఐ కెమెరా ఇంకా చేతికి రాలేదు. ఈలోగా తేమ మీటర్‌తో కలిపి మరిన్ని మచ్చులు తూచి ఆ 0.66 సంగతి తేల్చాలి, గుమాస్తా అన్నకు ఏరే ఓపిక ఉన్నంతవరకు.